హేమ టీచరమ్మ సున్నా ఆంపియర్లు

ముదిగుబ్బ దగ్గరి ఆ ఊళ్లో హేమకు రెండు పేర్లున్నాయి. పెళ్లయిన కొత్తలో ముదిగుబ్బ ప్రైవేటు బడిలో పదో తరగతికి ఫిజిక్సు చెప్పింది కాబట్టి టీచరమ్మ. పోయిన ఎండాకాలం ఇంటి బోరు మోటారు ఆమె కాపలాలో ఉండగా కాలిపోయింది కాబట్టి మోటారు కాల్చిన కోడలు. మొదటి పేరు ముఖం ముందర పిలవడానికి, రెండోది వీపు వెనక వాడుకోవడానికి.

ఆ బోరు సంగతి చెప్పాలి. రాత్రంతా ఊరిన నీళ్లు తెల్లారి కాసేపు వస్తాయి, తర్వాత వట్టి గాలి. గాలి మొదలవగానే ఆపకపోతే మోటారు వట్టిగా తిరిగి కాలిపోతుంది. ఆపి ఒక గంట ఊరనిచ్చి మళ్లీ వేయాలి. అందుకని ఎవరో ఒకరు స్టార్టర్ డబ్బా పక్కన స్టూలు వేసుకుని, పైపు మూతి వంక చూస్తూ కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ హేమే. అత్త ఓబులమ్మకు చూపు మందగించింది. మొగుడు దివాకర్ వార్డు మెంబరు, ఊళ్లో అందరి నీళ్ల సమస్యా చూస్తాడు, ఇంటిది తప్ప. పోయినేడు చెల్లెలు ఫోన్ చేస్తే హేమ ఆ స్టూలు మీదే కూర్చుని నవ్వుతూ మాట్లాడింది. పైపులో గాలి వస్తున్నట్టు గమనించేసరికి కాలిన వాసన వచ్చింది.

ఈ వేసవిలో బడి యజమాని జయరామయ్య కబురు పెట్టాడు. ఆయనకు ముదిగుబ్బలో కిరాణా అంగడి కూడా ఉంది. ఫిజిక్సు మాస్టరు మానేశాడు, బళ్లు తెరిచేలోపు వస్తావో రావో చెప్పమన్నాడు. హేమకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. పోతే స్టూలు మీద ఎవరు కూర్చుంటారు?

దానికి ఆమె కనిపెట్టిన ఉపాయమే కరెంటు కొలిచే ఒక చిన్న బిళ్ల. మోటారు నీళ్లు తోడేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, గాలి తోడేటప్పుడు తక్కువ. బిళ్లకు తోడుగా నోరు తెరిచి మూసే నల్లని ఉంగరం ఒకటి వస్తుంది, దాన్ని తీగకు తగిలిస్తే ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. ఆ అంకెను వైఫై ఉన్న ఇంకో చిన్న బోర్డు ఫోనుకు పంపుతుంది, అంకె పడిపోతే రిలే అనే స్విచ్చితో మోటారును తానే ఆపేస్తుంది. మళ్లీ వేయాలంటే బటన్ ఒత్తితే చాలు, ఆ మాత్రం అత్త చేయగలదు. వీడియోల్లో చూస్తే కూర తరిగినంత సులువుగా కనిపించింది.

మొదటి రోజంతా బిళ్లా బోర్డూ మాట్లాడుకోలేదు. ఒకదాని చెప్పే తీగను రెండోదాని వినే చోట కలపాలి. ఈమె చెప్పేదాన్ని చెప్పేదానితో, వినేదాన్ని వినేదానితో కలిపింది. పొద్దుగూకేటప్పుడు ఆ రెండు తీగలూ మార్చింది. ఫోనులో రెండువందల ఇరవై ఎనిమిది వోల్టులని పడింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేలాక, చిన్న గంతు వేసింది.

దాని కింద ఆంపియర్లు. సున్నా పాయింట్ సున్నా సున్నా.

పైపు లావున నీళ్లు పడుతున్నాయి. తొట్టి నిండుతోంది. ఫోను మాత్రం మోటారు కరెంటే ముట్టలేదంటోంది.

ఉంగరాన్ని ఆమె బోరు కేబుల్‌కు, నల్లరబ్బరు పైనుంచే తగిలించింది. దానికీ కారణముంది. ఆ ఇంట్లో బోరు కేబుల్‌కు కత్తి పెట్టకూడదు. మామ బతికున్నప్పుడు అడుగుదాకా ఒక్క అతుకు లేని కేబుల్ వేయించాడు. దానికి గాటు పెడితే నీళ్లు తెగిపోతాయని ఓబులమ్మ నమ్మకం. హేమ చేతిలో బ్లేడు కనిపిస్తే చాలు, ఆమె మంచం దిగి వచ్చేది. చూపు ఆ ఒక్కదానికి మాత్రం బాగానే ఆనేది.

ఇక హేమ చేయని పని లేదు. బోర్డుకు కరెంటిచ్చే చార్జరు మార్చింది. ఉంగరం తీగలు ఊడదీసి మళ్లీ అతికించింది, వేలు కాల్చుకుంది. అనుమానం వచ్చి ఇస్త్రీపెట్టె తీగకు ఉంగరం తగిలించింది. పెట్టె మాడిపోయేంత కాగింది, ఫోనులో సున్నా. మిక్సీకి పెట్టింది, చట్నీ అయింది, సున్నా. బిళ్లే చెడిపోయిందని తేల్చుకుని, అమ్మినవాళ్లను నాలుగు తిట్టి, ఇంకోటి తెప్పించింది. అది వచ్చేదాకా రోజూ స్టూలు మీద కూర్చుంది. వచ్చాక బిగించి చూస్తే, ఇదీ సున్నానే.

దివాకర్ భోజనానికి వచ్చినప్పుడల్లా ఫోను వంక తొంగిచూసేవాడు.

"ఏం టీచరమ్మా, పోయినసారి ఎలచ్చన్లలో నామీద నిలబడినోనికి గూడ ఇన్ని సున్నాలు రాలే కదా."

ఓబులమ్మ మాట ఇంకా పొట్టిది. "నీళ్లు కండ్లెదుట పడతాంటే ఫోన్లో ఏం చూస్తావే?"

వంటింట్లో హేమ చేతిలో గిన్నెలు ఆ పూట గట్టిగా మోగాయి.

బళ్లు తెరిచే వారం వచ్చింది. జయరామయ్య స్కూటరు మీద స్వయంగా వచ్చాడు. రాలేనని చెప్పడానికి హేమ మనసులో వాక్యం కూడా కూర్చుకుంది. ఆయనకు కాఫీ ఇచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన అసలు సంగతి ఎత్తకుండా, గోడ మీద వేలాడుతున్న తీగల వంక చూశాడు.

"ఏందమ్మా ఇది? పిల్లోళ్లకు చెప్పినట్ల చెప్పు. మాదంతా బెల్లం చింతపండు చదువు."

అడిగిందే చాలన్నట్టు హేమ గొంతు సవరించుకుంది. చేయి దానంతటదే సుద్దముక్క పట్టినట్టు లేచింది.

"కరెంటు ఒక తీగలో పోతాది సార్, ఇంకో తీగలో వెనక్కొస్తాది. కరెంటు పోయే తీగ సుట్టూ అయస్కాంత క్షేత్రం పుడతాది. ఈ ఉంగరం దాన్ని కొలుస్తాది. పోయేదానికి ఒక దిక్కు, వచ్చేదానికి దానికి ఎదురుదిక్కు. ఆ రెండు తీగలూ ఒకే ఉంగరంలో ఉంటే..."

ఆగింది.

"ఉంటే?" అన్నాడు జయరామయ్య.

"కాఫీ తెస్తా ఉండండి సార్."

ఆయన చేతిలో కాఫీ గ్లాసు అప్పటికే ఉంది.

వంటింట్లో స్టవ్ దగ్గర నిలబడి హేమ తల పట్టుకుంది. పోయేదీ వచ్చేదీ ఒకే ఉంగరంలో ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది సున్నా. బోరు కేబుల్ నల్లరబ్బరు లోపల ఆ రెండూ ఉన్నాయి, ఇస్త్రీపెట్టె తీగలోనూ అంతే. ఇదే పాఠం నల్లబల్ల మీద బాణం గుర్తులు గీసి మరీ చెప్పింది, రాయని పిల్లల చెవులు కూడా మెలిపెట్టింది. కేబుల్‌ను కోయాల్సిన పని కూడా లేదు. స్టార్టర్ డబ్బా లోపల తీగలు విడివిడిగానే ఉన్నాయి. వోల్టుల కోసం రోజూ మెయిన్ ఆపి ఆ డబ్బాను తెరిచిందీ, ఆ మరలు తిప్పిందీ తానే.

రెండో గ్లాసు కాఫీ తెచ్చి ఇచ్చి, బడికి వస్తానని చెప్పింది. ఆయన రెండోదీ తాగి పోయాడు.

మెయిన్ ఆపి, ఉంగరాన్ని డబ్బాలోని ఒక్క ఎర్రతీగకే తగిలించింది. మోటారు వేస్తే ఆరు ఆంపియర్ల పైన చూపించింది. గాలి రాగానే అంకె పడింది, టక్కున మోటారు ఆగింది. ఏమైందని దివాకర్ అడిగితే తీగ వదులైందని చెప్పింది. ఆ మాట ఈ రోజుకీ మార్చలేదు.

బడికి పోయిన మొదటిరోజు. ప్రార్థన ఇంకా అవలేదు, ఫోను వణికింది. మోటారు ఆగింది. సరే, నీళ్లయిపోయి ఉంటాయి. వెంటనే మళ్లీ వణికింది. మోటారు మొదలైంది. ఆగింది. మొదలైంది. ఆగింది. మళ్లీ ఏ తీగ ఊడిందో, మళ్లీ ఏది కాలబోతోందో. వరండాలోకి పరుగెత్తి ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమే, నీ డబ్బా మోటారును నిలబడనీలేదు. నేను ఒత్తుతాండా, అది ఆపుతాండాది," అంది ఓబులమ్మ ఆయాసంగా.

"అత్తా, పచ్చబటన్ ఒత్తాకు. నీళ్లయిపోయినాయి. అది కావాలనే ఆపుతాండాది. ఒక గంట ఊరనియ్."

అవతల ఓబులమ్మ స్టూలు లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"నీళ్లయిపోయినాయని నీకు ముదిగుబ్బలో ఎట్ల తెలిసె?"

"ఫోన్లో చూపిస్తాది అత్తా."

"నేను ఎన్నిసార్లు ఒత్తింది గూడ చూపిస్తాదా?"

హేమ ఆ మాటలోని గొయ్యి చూసుకోలేదు. "ఆ, తొమ్మిదిసార్లు."

"అయితే మోటారుకు కాదు, నాకు కాపలా పెట్టి పోయినావు," అంది ఓబులమ్మ. ఫోను పెట్టేసింది.

హేమ క్లాసులోకి పోయింది. పాఠం నడుస్తున్నంతసేపూ చెవి ఫోను వైపే. అది పలకలేదు. గంట దాటాక ఒక్కసారి వణికింది. మోటారు మొదలైంది, ఆరు ఆంపియర్లు. నీళ్లయ్యేదాకా తిరిగి దానంతటదే ఆగింది. మళ్లీ ఎవరూ బటన్ ఒత్తలేదు.

మధ్యాహ్నం జయరామయ్య ఎదురుపడి ఇల్లు ఎట్లుందని అడిగాడు. బాగుందనే చెప్పింది. సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు మాత్రం, ఇంట్లో అత్త ముఖం ఎట్లా చూడాలో తెలియక, బస్సు ఇంకా ఆలస్యంగా వస్తే బాగుండనిపించింది.