అగరొత్తి వెలిగించిన పెన్‌డ్రైవ్

మల్కాపురంలో మా అక్కాబావలకు ఒక కొట్టుంది. రేవులో, రిఫైనరీలో పనిచేసే కాంట్రాక్టర్లకు హెల్మెట్లు, చేతి తొడుగులు, ఇనుప ముక్కు బూట్లు అమ్ముతారు. ఊరందరికీ జాగ్రత్త అమ్మే ఆ కొట్టు, తన లెక్కల జాగ్రత్తను మాత్రం అమ్మవారికి అప్పగించింది.

అక్క నలభై దాటాక పట్టుబట్టి కంప్యూటర్ నేర్చుకుంది. బిల్లులన్నీ తనే ఎక్కిస్తుంది. ప్రతి శుక్రవారం లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని కొట్టులోని అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు కుంకుమ జల్లి, అగరొత్తి తిప్పేది. మధ్యలో ఒక మంగళవారం కూడా కాపీ తియ్యమంటే ససేమిరా అంది.

"అక్కా, పెన్‌డ్రైవ్‌కి వారాలు తెలీవు."

"దానికి తెలీకపోతే నాకు తెల్సు. నోరు మూసుకో."

ఒక వానాకాలం మధ్యాహ్నం, అక్క బిల్లు సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది. కానీ ఎవరో దాన్నుంచి కంప్యూటర్ ప్లగ్గు పీకి, పటం చుట్టూ ఉన్న రంగు బల్బుల ప్లగ్గు పెట్టారు. బల్బులు దివ్యంగా వెలుగుతూనే ఉన్నాయి. కంప్యూటర్ ఆరిపోయింది. కరెంటొచ్చాక లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిస్తే, డేటా ఫైలు పాడైపోయిందని చెప్పి ఊరుకుంది.

అక్క ఫోన్ చేస్తే మధురవాడ నుంచి బండి మీద తడుస్తూ వెళ్ళాను. బావ గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"సూడు బావా, ఏడాది లెక్కలు పోనాయి. బయట అకౌంటెంటుకి ఇచ్చేద్దామని నాను మొదట్నుంచీ సెప్తన్నాను. పైలు రాకపోతే రేపట్నుంచి ఈ కుర్చీలో ఆడే కూకుంటాడు."

అక్క కుర్చీలోంచి లేవలేదు. ఆ కుర్చీ కోసం ఆవిడ ఎంత పోరాడిందో నాకు తెలుసు. కొట్టు పెట్టిన కొత్తలో బావ ఆవిణ్ణి టీ పంపడానికే పిలిచేవాడు.

"పెన్‌డ్రైవ్ ఉంది కదా, ఊరికే కంగారు పడతారేటి?" అంటూ పటం ముందున్నది తీసి నా చేతిలో పెట్టింది.

దాని మూతినిండా పసుపు. స్పిరిట్‌తో తుడిచి పెడితే తెరుచుకుంది. లోపల షార్ట్‌కట్ అనే, బాణం గుర్తున్న చిన్న బొమ్మ ఒకటే ఉంది.

"అక్కా, ఇవి లెక్కలు కావు. లెక్కలు ఎక్కడున్నాయో చూపించే బోర్డు. వారం వారం బోర్డునే కాపీ చేశావు."

"అదేటి? దీని మీద నొక్కితే లెక్కలన్నీ తెరుసుకునేవి. నానే సూసేను."

"ఈ కంప్యూటర్‌లో నొక్కావు కాబట్టి. ఇంకో కంప్యూటర్‌లో నొక్కావా?"

అక్క తెరవైపు వంగి ఆ బొమ్మను మళ్ళీ చూసింది. అదను దొరికిందని, హేతువాద సభల్లో ఉపన్యాసాలిచ్చే నేను గొంతు సవరించుకున్నాను. పరీక్షించని నమ్మకం మనిషినెలా ముంచుతుందో చెప్పడం మొదలుపెట్టి రెండో వాక్యంలోకి వచ్చానో లేదో, అక్క చెయ్యెత్తింది.

"మీటింగు తరవాత ఎట్టుకో. ముందు పైలు సంగతి సూడు."

న్యాయమే. పాడైన ఫోల్డర్‌ను మొదట వేరే చోటికి కాపీ చేశాను.

"పాడైందానికి కాపీ ఎందుకు బావా, పిండం పెట్టడానికేటి?" అన్నాడు బావ.

"వైద్యం కాపీకే చేస్తాను బావా. వికటిస్తే అసలుదైనా మిగులుతుంది."

సాఫ్ట్‌వేర్‌లోని రిపేర్ సగం దూరం నడిచి ఆగిపోయింది. ఇంకో కాపీ తీసి నడిపాను. అక్కడే ఆగింది. బావ ఎవరికో ఫోన్ కలుపుతున్నాడు. ఎవరికో మా ముగ్గురికీ తెలుసు.

"ఒరే, ఆడిటరు ఆఫీసు పిల్లకి నెల నెలా ఓటి పంపుతాను. అది పనికొస్తాదేటి?" అంది అక్క.

పన్ను రిటర్నుల కోసం ఆ అమ్మాయి నేర్పినట్టే, సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్ బొత్తాం నొక్కి, వచ్చిన ఫైలును అక్క మెయిల్‌లో పంపేదట. అగరొత్తి లేదు, శుక్రవారం లేదు. అసలైన బ్యాకప్ అదే. పోయిన నెలాఖరున పంపినది దించి, కొత్త ఫోల్డర్‌లోకి ఎక్కించాను. తెరుచుకుంది. ఆ తరవాతి బిల్లులు ఇనుప చువ్వకు గుచ్చి ఉన్నాయి. బావ ఫోన్ జేబులో పెట్టుకుని ఒక్కొక్కటే చదివాడు, అక్క కంప్యూటర్‌లో కొట్టింది.

"మెల్లగా సదువు, నీ బండి ఎవులూ ఎత్తుకుపోరు," అని రెండుసార్లు కసిరింది. కుర్చీ ఎవరిదో ఇక ఎవరూ మాట్లాడలేదు.

తరవాత ఒప్పందం కుదరాలి. రోజూ బ్యాకప్ తియ్యాలన్నాను, మరిచిపోతానంది.

"సాయంత్రం దీపం పెట్టడం మరిచిపోతావా?"

"దేవుడి పని మరిసిపోతారేటి?"

ఏ సభలోనూ ఈ మాట ఒప్పుకోను గానీ, ఆ క్రమశిక్షణ మా హేతువాదుల్లో నాకు ఇంతవరకూ కనబడలేదు. అందుకే దాన్నే వాడుకున్నాను. దీపానికి ముందు బ్యాకప్. ఒక కాపీ కొట్టులో, ఒకటి ఆవిడ సంచిలో ఇంటికి, ఒకటి మెయిల్‌కి. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. కాపీ ఉందనుకోవడం నమ్మకం. వేరే చోట తెరుచుకోవడం రుజువు.

మొదటి పరీక్ష సబ్బవరంలోని వాళ్ళింట్లో, పాత ల్యాప్‌టాప్ మీద చేశాం. ఫైలు తెరుచుకుంది. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని ముందురోజు అమ్మిన బూట్ల బిల్లు వెతికి పట్టుకుంది. సంతోషిస్తుందనుకున్నాను.

"ఇది ఆపేసి, ఫోల్డరు తీసేసి, మళ్ళీ మొదట్నుంచి ఎక్కించు."

"ఇప్పుడే చూశావు కదే!"

"ఓపాలి తెరుసుకుంది. రెండోపాలి తెరుసుకుంతాదని నీకేటి నమ్మకం?"

ముప్పయ్యేళ్ళుగా వేదికల మీద నేను జనాన్ని అడగమని బతిమాలుతున్న ప్రశ్న అది. నోరు మూసుకుని మళ్ళీ ఎక్కించాను.