మెత్తకు పావలా

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పాతిక మైళ్ళ పైచిలుకు దారి. నయాపైసలు వచ్చిన కొత్తలో, ఆ దారిన తిరిగే ఒక ప్రైవేటు బస్సు లెక్కలు నేను చూసేవాణ్ణి. మోటారు పనిలో డిప్లొమా చదివినందుకు యజమాని నాకు మూడు అంశాలు అప్పగించాడు: డీజిలు, టైర్లు, మైలుకు రాబడి. మొదటి రెండూ దారికి వచ్చాయి. మూడోది మాత్రం ఎంతకీ ఖర్చును అందుకోలేదు.

వరుసల వారీగా విడదీస్తే సంగతి తెలిసింది. వెనక బెంచీలు బాగానే సంపాదిస్తున్నాయి. డ్రైవర్ పక్కనున్న రెండు మెత్త సీట్లు సగం దారి ఖాళీగా పోతున్నాయి. నడిమి ఊళ్ళలో ఎక్కే పెద్దరైతుల కోసం డ్రైవర్ నంద్యాలలోనే వాటిమీద తువ్వాల పరిచేవాడు. ఆళ్ళగడ్డ సంతరోజు మా ఊరు శిరివెళ్లలో ఎక్కే మా నాయన వాళ్ళలో ఒకరు.

నా కాగితం చూసి యజమాని, రైల్లో తరగతులుండగా బస్సులో ఎందుకుండకూడదన్నాడు. మైలు రేటు సర్కారుది, దాన్ని ముట్టుకోలేం. అందుకని ‘మెత్తకు పావలా’ అని వేరే పెట్టాం. పావలా ఇచ్చినవాడిదే సీటు, తువ్వాలలు ఉండవు.

ఆ ఆదివారం ఇంటికి పోయి నాయనకు నేనే చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, “నాక్కూడానా?” అన్నాడు.

“అందరికీ నాయనా.”

ఆయన మళ్ళీ అన్నం కలపసాగాడు. సంతకు ఇక మా బస్సులో వస్తాడా రాడా అన్నది వారమంతా నన్ను తొలిచింది.

సంతరోజు నేనూ బస్సెక్కాను. ముందు సీట్లు రెండూ శనక్కాయల వ్యాపారులు నంద్యాలలోనే కొన్నారు. శిరివెళ్లలో నాయన ఎక్కాడు. ఎప్పటిలా ముందుకు వచ్చి, తన సీటు చూసి, పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

వ్యాపారి ఒకడు నవ్వాడు. “కొడుకేసిన సుంకమప్పా. నువ్వే కట్టకపోతే ఇంకెవరు కడ్తారు?”

నేను లేచి దగ్గరికి పోయాను. “యెనక చోటుండాది, కూసో నాయనా.”

“నువ్వు కూసో. నిలబడి పోతాండా, నాకేం కాళ్ళు లేవా?”

ఆళ్ళగడ్డ దాకా ఆయన కూర్చోలేదు. దిగేముందు కండక్టర్ చేతిలో ఒక పావలా పెట్టాడు. టికెట్టు డబ్బులు ఇచ్చేశావు కదా, మెత్తమీద కూర్చోలేదు కదా అని అతను నీళ్ళు నమిలాడు.

“తీసుకోప్పా. మావోని లెక్క తక్కువ పడగూడదు,” అన్నాడు నాయన. నా వైపు చూడలేదు.

ఆ ట్రిప్పులో ముందు సీట్ల రాబడి మైలుకు అంతకుముందెన్నడూ లేనంత వచ్చింది. యజమాని మెచ్చుకున్నాడు. రెండు సీట్లకు మూడు పావలాలు ఎలా వచ్చాయని అడగలేదు. నా లెక్క తప్పు కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను, కానీ పైకి అనను.

మరుసటి సంతకు శిరివెళ్లలో ఆయన లేడు. ఊరు దాటాక రోడ్డు నడుమ మా ఎద్దులబండి కనిపించింది, తోలుతున్నది నాయన. డ్రైవర్ హారన్ కొట్టలేదు. బస్సు వేగం తగ్గించి, బండి వెనకే నడిపాడు. వ్యాపారులు విసుక్కున్నారు. హారన్ కొట్టమని చెప్పవలసినవాణ్ణి నేను. కాసేపటికి నాయనే బండిని పక్కకు తీసి మాకు దారి ఇచ్చాడు.