బెరిల్ పోసిన పలచని నూనె

బెరిల్ ట్రాంటర్ గేర్ ఆయిల్ డబ్బా మూత తీస్తే ముందు వాసన చూసేది. తరవాత చూపుడు వేలు ముంచి, బొటనవేలితో నాలుగుసార్లు రుద్ది, కళ్ళు మూసుకునేది. కళ్ళు తెరిచాక ఆ నూనె ఎంత చిక్కనిదో, అందులో గంధకం ఎంత ఉందో, అది ఏ దుకాణంలో కొన్నదో, అమ్మినవాడు ఏమని అబద్ధమాడాడో వరసగా చెప్పేది. చివరి రెండూ నేను కలిపానని అనుమానం ఉన్నవాళ్ళు కోవెంట్రీ వచ్చి ఎవరినైనా అడగవచ్చు. అడిగితే వాళ్ళు ఇంకో రెండు కలిపి చెబుతారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ మా ఊరి కార్ల ఫ్యాక్టరీలో గేర్‌బాక్సులు బిగించింది. ఆవిడ భర్త గోర్డన్ అదే ఫ్యాక్టరీలో సీట్లకు తోలు కుట్టేవాడు. "నేను చక్రాల పళ్ళు చూసుకుంటాను, ఆయన జనం పిర్రలు చూసుకుంటాడు" అని పరిచయం చేసేది. పిల్లలు లేరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరూ చేతికొచ్చిన డబ్బుతో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. అరవై ఆరులో అదే ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చిన బండి. రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, రంగు ముదురాకుపచ్చ. దాని గేర్‌బాక్స్ బిగించింది తనేనని బెరిల్ వాదన. "ఏం సాక్ష్యం?" అని నేనడిగితే, "రెండో గేరు వేసి చూడు. ఇంకెవరు బిగిస్తే అలా పడుతుంది?" అనేది. ఎదురింట్లో ఇరవై ఆరేళ్ళు కాపురమున్నవాణ్ణి. అంతకు మించి వాదించే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది.

పాత కార్లవాళ్ళం నెలకోసారి గురువారం సాయంత్రం పబ్బులో కలిసేవాళ్ళం. అక్కడ రాజకీయాలు మాట్లాడితే ఎవరికీ కోపం రాదు, మతం మాట్లాడితే అసలే రాదు. గేర్‌బాక్సులో ఏ నూనె పొయ్యాలన్న మాట వచ్చిందా, కుర్చీలు వెనక్కి జరిగేవి. క్లైవ్ బెక్సన్ అని బీమా కంపెనీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ధర ఎక్కువైతే సరుకు మంచిదని ఆయన నమ్మకం. రేసు కార్లవాళ్ళు వాడే కొత్త రకం నూనె తెచ్చి, అత్తరు సీసాలా బల్ల మీద పెట్టాడు ఒకసారి.

బెరిల్ వాసన చూసి మూత పెట్టేసింది.

"గంధకం కొడుతోంది. ఇది నీ గేర్‌బాక్సులో పోశావా క్లైవ్?"

"పోశాను. వెన్నలా పడుతోంది గేరు."

"పడుతుంది. లోపలున్న ఇత్తడి రింగుల్ని ఇది తిని బలుస్తోంది మరి."

"రింగులు చిన్నవిలే."

"నీ బుర్ర కంటే పెద్దవే. గేరు మార్చేటప్పుడు రెండు చక్రాలు రెండు వేగాల్లో తిరుగుతుంటాయి నాయనా. మధ్యలో ఆ ఇత్తడి రింగు చేరి, పట్టుకుని, రెంటినీ ఒక్క వేగానికి తెస్తుంది. నూనె మరీ జారుడైతే రింగు పట్టదు. మరీ చిక్కనైతే రింగు చేరదు. గంధకం ఎక్కువైతే రింగే ఉండదు. కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో తొంభై నంబరు నూనె అని రాసిందా? తొంభైయే. ఎనభై తొమ్మిది కాదు."

పుస్తకంలో ఉన్నదే పొయ్యాలి. అది ఆవిడ వేదం. ఎవరైనా మరో నూనె పోస్తే, వాళ్ళ కారు దగ్గరికొచ్చినప్పుడు చావింట్లోకి అడుగుపెట్టినట్టు నెమ్మదిగా నడిచేది.

ఆ ఏడు నవంబరులో గోర్డన్‌కు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, ఎడమ కాలు రెండు నెలల్లో తేరుకుంది. ఎడమ చెయ్యి మాత్రం సగమే తేరుకుంది. ఈ దేశంలో గేరు వేసేది ఆ చేత్తోనే. ఫిబ్రవరిలో డాక్టరు కారు నడపవచ్చన్నాడు. మర్నాడే పొద్దున్నే గోర్డన్ టోపీ పెట్టుకుని, కారు బయటికి తీశాడు.

మా వీధి చిన్నదే కానీ నిటారుగా ఎక్కుతుంది. ఇంటి ముందు మొదటి గేరులో కదిలి, ముప్ఫై గజాల్లో రెండోది వెయ్యకపోతే బండి దగ్గుతుంది. ఎండాకాలమైతే అది పెద్ద పని కాదు. కానీ ఆ చలికాలం ఎలాంటిదంటే, క్లైవ్ గేర్ ఆయిల్ డబ్బా తలకిందులుగా పట్టుకుని, విసుగొచ్చి అలాగే స్టాండుకు తగిలించి, భోంచేసి, కునుకు తీసి లేచి వస్తే మొదటి చుక్క ఇంకా పడదామా వద్దా అని ఆలోచిస్తోందట. పాతకాలపు గేర్‌బాక్సులో తొంభై నంబరు నూనె చలికి ముదురు పాకంలా అవుతుంది. అయిదారు మైళ్ళు తిరిగి వేడెక్కిందాకా రెండో గేరు వెయ్యాలంటే చేతిలో బలం కావాలి.

గోర్డన్ చేతిలో అది లేదు. పళ్ళు కరకరమన్నాయి. బండి ఆగి, రెండడుగులు వెనక్కి జారింది. మళ్ళీ ప్రయత్నించాడు. మూడోసారి కూడా అంతే. చుట్టుపక్కల కిటికీ తెరలు కదిలాయి. నా తెర కూడా కదిలిందని సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఆయన కారును అలాగే వెనక్కి దొర్లించుకుని ఇంటి ముందు పెట్టి, లోపలికి వెళ్ళి తాళాలు మేకుకు తగిలించాడు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఇద్దరూ చల్లారిన టీ ముందు కూర్చుని ఉన్నారు.

"ఏప్రిల్ మొదటి ఆదివారం పాత కార్లవాళ్ళం అందరం కలిసి షికారు వెళ్తాం కదా, ఆ రోజు ఈ వీధి నేనే ఎక్కించలేకపోతే కారు క్లైవ్‌కి ఇచ్చేద్దాం. ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు" అన్నాడు గోర్డన్.

"వీధి చివరిదాకా నేను తోలి, అక్కడ నీకిస్తాను" అంది బెరిల్.

"పెళ్ళాం వీధి దాటించి ఇస్తే నడిపేవాడు డ్రైవరా, బెరిల్? స్కూలు పిల్లాడు."

"రాత్రంతా గేర్‌బాక్సు కింద వేడినీళ్ళ సంచులు పెడదాం" అన్నాను నేను. "దుప్పటి కప్పి, జోల కూడా పాడదాం."

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. నాకు అప్పుడు భయమేసింది. పక్షవాతం వచ్చిన రోజు అంబులెన్సులో కూడా గోర్డన్ నా మాటకు నవ్వినవాడు. ఆ రోజునుంచి కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవడం తగ్గించాడు. గడ్డం రోజు విడిచి రోజు గీసుకునేవాడు, తరవాత అదీ లేదు.

బెరిల్ ఏడ్చే మనిషి కాదు. కొలిచే మనిషి. ఫ్యాక్టరీలో గేరు ఎంత బలానికి పడుతుందో చూడడానికి దాని కర్రకు స్ప్రింగు తక్కెడ తగిలించి లాగేవాళ్ళట. ఒకరోజు వంటింట్లోంచి అలాంటిదే తక్కెడ పట్టుకొచ్చి గోర్డన్ ముందు పెట్టింది.

"ఇది పనిచేస్తోందో లేదో కాస్త లాగి చూడు. నా చేతులు సబ్బుతో ఉన్నాయి. ఆ చేత్తో కాదు, ఎడమ చేత్తో. కుడిచేత్తో లాగితే విరగ్గొడతావు."

ఆయన పళ్ళు బిగించి లాగాడు. ముల్లు తొమ్మిది పౌన్ల బరువు దగ్గర వణికి ఆగింది.

"పనిచేస్తోంది" అని చెప్పి ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

మర్నాడు తెల్లవారి, మంచు ఇంకా అద్దాల మీద ఉండగానే, ఆయన లేవకముందు, అదే తక్కెడ గేరు కర్రకు తగిలించి లాగింది. నేను వీధిలో కాపలా. పన్నెండు పౌన్లు. వరసగా నాలుగు మంచు పొద్దుల్లో లాగింది. పన్నెండుకు తగ్గలేదు. కిటికీ బయట గట్టు మీద జామ్ సీసాల్లో రకరకాల నూనెలు పోసి, ఒక్కోదాంట్లో ఒక ఇత్తడి రింగు వేసి వరసగా పెట్టింది. పొద్దున్నే చెంచాతో కలిపి చూసేది, రింగు రంగు మారిందా అని వెలుతురులో తిప్పి చూసేది. గోర్డన్ అడిగితే ఊరగాయ అని చెప్పింది. ఈ దేశపు ఊరగాయ రుచి తెలిసినవాడు కనక ఆయన నమ్మాడు.

మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం నా తలుపు కొట్టింది. తలకు రుమాలు కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉంది.

"జోసెఫ్, నూనె కొనాలి. నన్ను పక్క ఊరు రగ్బీ దాకా తీసుకెళ్తావా?"

"మన ఊళ్ళో దుకాణాలు లేవా?"

"మన ఊళ్ళో దుకాణంవాళ్ళకు నేను తెలుసు."

రగ్బీలో ఆవిడ అడిగింది డెబ్బై అయిదు నంబరు నూనె. ఇత్తడికి హాని చెయ్యనిదే, కానీ కొత్త కార్ల కోసం చేసిన పలచనిది. కౌంటరులో కుర్రవాడు, "ఏ కారుకండీ?" అన్నాడు.

"మా చెల్లెలిది. జపాన్ కారు."

ఆవిడకు చెల్లెళ్ళు లేరు. అబద్ధాల్లో నాకున్న అనుభవంతో చెబుతున్నాను, అంత బాగా ఆడిన మొదటి అబద్ధం నేనెక్కడా వినలేదు. తిరిగి వచ్చేటప్పుడు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇది పోస్తే లోపల బేరింగులు అరిగిపోతాయి. ఈ గేర్‌బాక్సుకి ఇది సరిపోదు. మూడేళ్ళు నడుస్తుందేమో. మోత కూడా చేస్తుంది."

"తెలిసీ పోస్తావా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు గేర్‌బాక్సు ఎన్నాళ్ళు బతకాలా అనే ఆలోచించాను" అంది.

ఆ మర్నాడు ఆయన ఆసుపత్రిలో వ్యాయామానికి వెళ్ళిన గంటన్నరలో కారు కింద దూరి, పాత నూనె దింపి, కొత్తది పోసింది. నిండిన గుర్తుగా పక్క రంధ్రంలోంచి సన్నటి ధార వచ్చేదాకా నేను గొట్టం తగిలించిన గరాటు పట్టుకునే ఉన్నాను. రెండు రోజుల తరవాత మళ్ళీ మంచు పడింది. తక్కెడ ఎనిమిదన్నర పౌన్లు చూపించింది. ఆవిడ దాన్ని మూడుసార్లు లాగి చూసుకుని, నా చెంప మీద చల్లటి చేత్తో తట్టింది.

ఏప్రిల్ మొదటి ఆదివారం గడ్డి మీద తెల్లగా మంచు ఉంది. నేను కత్తెర పట్టుకుని నా కంచె కత్తిరిస్తున్నట్టు నిలబడ్డాను. కత్తిరించడానికి ఒక్క ఆకు కూడా లేని కంచె అది. గోర్డన్ గడ్డం గీసుకుని టోపీ పెట్టుకున్నాడు. పక్క సీట్లో బెరిల్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, పొరపాటున సాయం చేస్తానేమోనని.

కారు కదిలింది. ఎక్కడం మొదలుపెట్టింది. ముప్ఫై గజాల దగ్గర గోర్డన్ భుజం ముందుకు వంగింది. ఒక్క క్షణం ఇంజను చప్పుడు ఖాళీగా వినిపించింది. తరవాత టక్కున పడింది రెండో గేరు. కారు వీధంతా ఎక్కి, మలుపు తిరిగి, కనిపించకుండా పోయింది. దాని వెనక కాస్త ఈలలాంటి మోత మాత్రం గాల్లో మిగిలింది.

నేను నా కారులో వెనకే వెళ్ళాను. అందరూ టీకి ఆగిన చోట క్లైవ్ చెవి రిక్కించి గోర్డన్ కారు చుట్టూ తిరుగుతున్నాడు.

"ఏంటి బెరిల్, గేర్‌బాక్సులో పిల్లిని పెంచుతున్నావా? పుస్తకంలో ఉన్న నూనె ఇలా పాడుతుందా?"

పదిహేనుమంది తలలు తిరిగాయి. బెరిల్ మొహం మెడదాకా ఎర్రబడింది. దుకాణంలో ఆడినంత సులువుగా ఇక్కడ అబద్ధం రాలేదు.

"అది నా పని" అన్నాడు గోర్డన్, టీ కప్పు కింద పెట్టి. "పలచనిది పొయ్యమని నేనే పట్టుబట్టాను. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు ఇంకా కెలికితే నాకు రాత్రి భోజనం ఉండదు క్లైవ్."

అందరూ నవ్వారు. క్లైవ్ కూడా నవ్వి, తన నూనె సీసా గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బెరిల్ మాత్రం మొగుడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. జనం పలచబడ్డాక అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండోది పడగానే. నా చెయ్యి ఏమీ బాగుపడలేదని నాకు తెలీదా? నాదేగా."

"కోపమొచ్చిందా?"

"వీధి చివరికి వెళ్ళాక కోపం తెచ్చుకుందామనుకున్నాను" అన్నాడు. "అప్పటికి మూడో గేరు కూడా పడిపోయింది."

మూడు వేసవులు నడిపాడాయన. మూడో ఏడు సెప్టెంబరులో ఆ మోత గొణుగుడై, గొణుగుడు రాళ్ళ చప్పుడైంది. బెరిల్‌కు అప్పటికి డెబ్బై రెండు. గేర్‌బాక్సు దింపడానికి నేనూ క్లైవూ సాయం పట్టాం. వంటింటి బల్ల మీద వార్తాపత్రికలు పరిచి, అరిగిన బేరింగులు తీసి, కొత్తవి వేసి, వారంరోజుల్లో బిగించేసింది. మళ్ళీ కారులోకి ఎక్కించిన సాయంత్రం ఆవిడ డబ్బా తెస్తుంటే గోర్డన్ అడ్డం వచ్చాడు.

"ఈసారి పుస్తకంలో ఉన్నది పొయ్యి బెరిల్. కొత్త బేరింగులు. నేను ఎలాగో లాగుతానులే."

"గరాటు పట్టుకో" అంది ఆవిడ.

ఆయన ఎడమ చేత్తో పట్టుకున్నాడు. అది వణుకుతోంది. ఆవిడ ఆ వణుకును చూస్తూ, అది ఎటు కదిలితే డబ్బాను అటు కదుపుతూ, పలచని నూనె నెమ్మదిగా పోసింది.