లారీ గడప

మా చిన్నప్పుడు శుక్రవారం వస్తే రెండు గడపలు కడిగేవాళ్లం... ఒకటి ఇంటిది, ఇంకొకటి లారీది.

నవ్వకండి. సీతాఫల్‌మండిలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలబడే ఆ పాత లారీయే మాకు అన్నం పెట్టేది. క్యాబిన్ డోరు తెరిచి, కాలు పెట్టి ఎక్కే చోట పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాలని మా నాయనమ్మ రూలు. అంతకుముందు చెంబెడు నీళ్లలో గుప్పెడు కల్లుప్పు కలిపి క్యాబిన్‌లో పోయాలి... దిష్టి పోవడానికి.

ఆ పని నాది, ఇంట్లో మగవాళ్లు లేవకముందే అయిపోయేది. నాకు తొమ్మిదేళ్లు, భక్తి ఎక్కువ, అందుకని రెండు గుప్పెళ్లు వేసేదాన్ని. నీళ్లు రబ్బరు మ్యాట్ కిందికి జారిపోయేవి. అవి ఎక్కడికి పోతున్నాయో ఏ ఒక్కరూ ఎత్తి చూసిన పాపాన పోలేదు.

లారీ నాన్నది. నడిపేది చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు. తాత పోయేనాటికి చిన్నాయనకు ఆరేళ్లట. నాన్నే పెంచాడు, నాన్నే స్టీరింగ్ నేర్పాడు, నేర్పేటప్పుడు నాన్నే కొట్టాడు. మా నాన్న చెయ్యి మాట కంటే ముందు లేచేది.

ఒక ఎండాకాలం లారీకి ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరపడింది. షెడ్డుకు పంపకుండా ఇంటి దగ్గరే క్యాబిన్ బాగుచేద్దామని అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. బయట రంగు నిగనిగలాడుతోంది. పైన పటారం లోన లొటారం అంటారు కదా... మ్యాట్ ఎత్తి నాన్న సుత్తితో ఒక్కటి వేశాడు, సుత్తి రేకులోంచి కిందికి దిగబడిపోయింది. ఆ కన్నంలోంచి నేల కనిపించింది.

తుప్పు అప్పడాల్లా పొరలు పొరలుగా లేచింది. పొరల మధ్య తెల్లటి పొడి. నాన్న వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు.

"ఏం లోడ్ ఎత్తినవ్ రా?"

"కాప్రా దిక్కు ఇటుక, ఇసుక. నీకు తెల్వంది ఏముందన్నా."

"మరి ఉప్పెక్కడిది? ఉప్పుచేపల బుట్టలు గిట్ల ఎక్కించినవా, నాకు చెప్పకుంట?"

అన్నకు చెప్పకుండా లోడు ఎత్తడం మా ఇంట్లో దొంగతనం కంటే పెద్ద నేరం. నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ ఉప్పు ఎవరిదో నాకు తెలుసు. చెబుదామనే అనుకున్నాను... నోరు పెగల్లేదు.

"నీ మీద ఒట్టు" అన్నాడు చిన్నాయన. అబద్ధపు ఒట్టు అనుకుని నాన్నకు ఒళ్లు మండిపోయింది. చేతిలో బోల్టులు విప్పే పెద్ద పానా ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీదికి వచ్చింది... చిన్నాయన కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. వేళ్ల నుంచి కారిన రక్తం బొట్టుబొట్టుగా ఆ తుప్పు మీద పడింది.

చిన్నాయన నాన్న కంటే బలమైనవాడు. ఒక్క తోపు తోస్తే నాన్న పడిపోయేవాడు. తోయలేదు.

"లారీల కెల్లి దిగు. ఇంట్ల కెల్లి సుత పో. ఇగ నీకు నాకు ఏం లేదు" అన్నాడు నాన్న.

పానా మూడోసారి లేచింది. అప్పుడు వచ్చింది నాకు మాట.

"నాన్నా... గా ఉప్పు నేనే పోసిన."

నాన్న పానాతోనే నా వైపు తిరిగాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. నాయనమ్మ గబగబా వచ్చి నాకు అడ్డంగా నిలబడింది. "పొయ్యమన్నది నేను రా. కొట్టేదుంటే నన్ను కొట్టు."

నాన్న ఇంకెవరినీ కొట్టలేదు. సుత్తి తీసుకుని లారీని కొట్టాడు. కుళ్లిన రేకు ఊడిపోయాక మంచి రేకును కూడా కొట్టాడు. మా గోడలు అదిరాయి, పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్నారు. మధ్యలో ఏడ్చాడు కూడా... ఆ చప్పుడులో మాకు వినపడదనుకున్నాడేమో. చిన్నాయన చేతికి తువ్వాలు చుట్టుకుని ఒక్కడే దవాఖానకు నడిచివెళ్లాడు. వస్తాడో రాడో తెలియక ఆ రోజు మా ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు. వచ్చాడు, కట్టుతో... గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాన్న పాత డ్రమ్ము రేకు కత్తిరించి క్యాబిన్‌లో పరిచాడు. దాన్ని రివిట్లతో, అంటే ఇనుప చీలలతో బిగించాలి. రివిట్ వేయాలంటే పైనుంచి ఒకరు కొట్టాలి, కింద పడుకుని ఇంకొకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. కొట్టేవాడికి కింది చెయ్యి కనపడదు. దిమ్మ జారితే వేళ్లు పోతాయి.

నాన్న సుత్తి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాడు?

చిన్నాయన వచ్చాడు. లారీ కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, మిగిలిన ఎడమ చేత్తో దిమ్మ ఆనించాడు. నాన్న సుత్తి ఎత్తాడు, దించేశాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు.

కింది నుంచి మాట వచ్చింది. "కొట్టన్నా. పట్టుకున్న."

చిన్నాయన చిటికెన వేలు ఇప్పటికీ ముడుచుకోదు. నాన్న చేసినదాన్ని ప్రేమ అని నేను అనను, ఎవరు అన్నా ఒప్పుకోను. నేను ఒక్క నిమిషం ముందు నోరు విప్పి ఉంటే ఆ వేలు బాగుండేది... ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఇప్పుడు మా వాళ్లలో ఎవరూ ఎవరి మీదా చెయ్యి ఎత్తడం లేదు. మంచిదే. ఒక మాట నచ్చకపోతే ఫ్యామిలీ గ్రూపులోంచి వెళ్లిపోతున్నారు, అంతే. కానీ అలా వెళ్లినవాళ్లు మర్నాడు పొద్దున్నే రావడం మాత్రం నేను చూడలేదు.

మీ తప్పుకు ఇంకొకరు దెబ్బలు తిన్న రోజు మీకూ ఉండే ఉంటుంది... ఉంటే ఇక్కడ రాయండి. ఆ దెబ్బ తిన్న మనిషి ఇంకా ఉంటే, ముందు వాళ్లకు చెప్పండి.