‘నాదజ్వాల’ అట్ట మీద సైదులు బాబాయి

మా అమ్మాయి హారిక కాలేజీ నుంచి వస్తూ సందు చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చి, ఆ పొట్లాన్ని తిన్నగా నా కంప్యూటరు బల్ల మీద పెట్టింది. అక్కడ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా దాని చెవికెక్కదు. తిడదామని పొట్లం ఎత్తేసరికి నూనె పీల్చుకున్న కాగితం వాసన గుప్పుమంది. ఏదో పాత వారపత్రిక పేజీ అది. నూనె అంటిన చోటల్లా వెనకవైపు అక్షరాలు తిరగబడి ఇటువైపు తేలాయి. ఆ వాసనకి తిట్టు నోట్లోనే ఆగిపోయింది. దర్శి దగ్గర మా ఊళ్ళో, మా వంటింటి గడప మీద కూర్చుని, నాయనమ్మ కంటపడకుండా నోటుపుస్తకం కాగితానికి వేరుశెనగ నూనె పూస్తున్న ఎనిమిదో తరగతి పిల్లనైపోయాను.

హారిక డిగ్రీలో మీడియా కోర్సు చదువుతోంది. పిల్లలు తలా ఒక సంగీత పత్రిక తయారుచేసి, దాన్ని బజార్లో దొరికే అసలు పత్రికతో పోల్చి, ఎక్కడ పద్ధతి పాటించారో, ఎక్కడ తప్పారో రాసివ్వాలట. పత్రిక పేరు ఎంత పెద్దదిగా ఉండాలి, అట్ట మీది మనిషి చూపు ఎటుండాలి, లోపలి కథనాల ఊరింపులు ఏ పక్కన వెయ్యాలి, ధర ఏ మూల పెట్టాలి, ఇవన్నీ దాని ప్రశ్నలు. నేను ఒక వారపత్రికలో అది మూతపడేదాకా పేజీలు పెట్టినదాన్ని, ఇప్పుడు ఇంట్లోనే పెళ్ళికార్డులూ ఫ్లెక్సీలూ చేసుకుంటున్నాను, కాబట్టి దానికి చేతికందిన నిపుణురాలిని నేనే. “అమ్మా, నువ్వు చేసిన మొదటి పత్రిక ఏది?” అని అడిగితే ఉద్యోగంలో చేసినదాని పేరు చెప్పబోయి, తీరా ‘నాదజ్వాల’ అన్నాను. అది పడీపడీ నవ్వింది. నవ్వదూ మరి, సంగీతానికి మంట పెట్టిన ఘనత మాదే.

మా ఊళ్ళో కార్తీకం దాటాక పత్తి ఇళ్ళలోకి వచ్చేది, వసారాల్లో పైకప్పుదాకా పోసిన ఆ గుట్టల మీదికి దూకి, ముక్కుల్లో నూగు దూరి, దుస్తుల నిండా గింజలు అంటించుకుని తన్నులు తినేవాళ్ళం. పత్తి అమ్ముడుపోయేసరికి మిరపకాయలు కల్లాలకెక్కేవి, ఊరి చుట్టూ నేలంతా ఎర్రగా పరుచుకుని, గాలి మళ్ళిన రోజున బళ్ళో పాఠం చెప్పే మాస్టారు దగ్గర్నుంచి ఉయ్యాల్లో పాపదాకా అందరూ ఒకేసారి తుమ్మేవాళ్ళు. కాయ గుంటూరు యార్డుకి పోయి చేతుల్లో డబ్బు ఆడటం మొదలయ్యాక పెళ్ళిళ్ళు. పెళ్ళిళ్ళంటే సైదులు బాబాయి సన్నాయి. శ్రీరామనవమి పందిట్లో వడపప్పూ పానకం గ్లాసులూ పట్టుకుని మేము తోసుకుంటుంటే, పక్కన చాప మీద కూర్చుని బుగ్గలు పొంగించి, కళ్ళు మూసుకుని ఆయన ఊదితేనే సీతమ్మకి తాళి పడేది. ఆయన కూతురు నాగూర్‌బీ నా పక్క బెంచీ. పీర్ల పండగకి వాళ్ళమ్మ చేసిన చోంగాలు అనే బెల్లం రొట్టెలు బాక్సులో తెచ్చి నాకు పెట్టి, మా ఇంటి పులిహోర తను లాక్కునేది.

ఆ ఏడు వేసవి పెళ్ళిళ్ళకి ఊళ్ళోకి బ్యాండుమేళం వచ్చింది, ఎర్ర కోట్లు వేసుకుని. అది కుదరనివాళ్ళు సన్నాయి క్యాసెట్టు పెట్టి, మైకు పందిరి గుంజకి కట్టేస్తున్నారు. క్యాసెట్టుకి భోజనం పెట్టక్కర్లేదు, బస్సు వేళకి పంపించక్కర్లేదు. ఒకరోజు మధ్యాహ్నం బడి వరండాలో నాగూర్‌బీ చోంగా ముక్క నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే నలుపుతూ చెప్పింది, వాళ్ళ నాన్న సన్నాయి అమ్మేసి, మిరపకాయల కోల్డ్‌స్టోరేజీలో బస్తాల పనికి పోతాడట. వినుకొండ నుంచి ఎవరో కొనేవాళ్ళున్నారట. వాళ్ళ తాత చేతినుంచి వచ్చిన సన్నాయి అది. చెప్పి, ఏడవకుండా నా మొహంలోకి చూసి, “పద్దూ, మా నాయన బొమ్మ పత్రిక అట్ట మీద పడితే అమ్మడే. అట్ట మీద పడ్డోళ్ళు ఎవరన్నా మానుకున్నారా?” అంది. సినిమా హీరోల్ని చూసి దానికొచ్చిన ఆలోచన అది. నాకు వాదించడానికేమీ కనబడలేదు.

మా దగ్గర ప్రెస్సు లేదు, డబ్బుల్లేవు. చేతిరాత బాగున్నవాళ్ళు ఒకే ఒక్క ప్రతి రాసి ఇంటింటికీ తిప్పి చదివించే లిఖిత పత్రిక గురించి మా తెలుగు మాస్టారు ఎప్పుడో చెప్పారు. అదే పట్టుకున్నాం. అసలు పత్రిక ఎట్లా ఉంటుందో చూడ్డానికి మంగలి కొట్లో బల్ల మీదుండే అట్టలూడిన వారపత్రిక తెచ్చుకుని, గీతలతో సహా కాపీ కొట్టాం. అందులో కథ సగంలో ఆగి ‘మిగతా ముప్ఫై రెండో పేజీలో’ అని ఉంది. మా పత్రికకి అన్ని పేజీలే లేవు, అయినా నాగూర్‌బీ పట్టుబట్టి రాయించింది. ‘ఏజెంట్లు కావలెను’ అని రాశాం. వెనక అట్ట మీద పురుగుమందు ప్రకటన లేకపోతే పత్రికే కాదని మా నమ్మకం, ఎందుకంటే మా ప్రాంతానికొచ్చే ప్రతి పుస్తకం వెనకా పచ్చపురుగు చచ్చిపడి ఉండేది; కాబట్టి నేను ఒక పత్తికాయా, దాని మీద వెల్లకిలా పడ్డ పురుగూ గీశాను. పాఠకుల ఉత్తరాల పేజీలో ‘గత సంచిక అద్భుతం’ అని వేరే వేరే పేర్లతో నేనే రాసుకున్నాను. అది మొదటి సంచిక అన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అట్ట దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది వచ్చిపడింది. బాబాయి ఫొటో ఒక్కటీ లేదు. ఆయన్ని కూర్చోబెట్టి గీద్దామంటే ముందే తెలిసిపోతుంది. అప్పుడు నాకు పెళ్ళి ఆల్బమ్‌లు గుర్తొచ్చాయి. ఊళ్ళో ఏ పెళ్ళిలో ఆయన లేడు గనక! ఇద్దరం ఇంటింటికీ బయల్దేరాం. నల్ల అట్ట పేజీలు, మధ్యలో సాలెగూడు ముద్రలున్న పల్చటి కాగితాలు, బీరువా వాసన, కలరా ఉండల వాసన. ఎండ దిగే వేళ అరుగుల మీద ఆడవాళ్ళు తమ పెళ్ళిళ్ళు తామే తిప్పి చూపిస్తూ, “ఇదుగో మా ఆడబిడ్డ, అప్పుడే అలిగింది” అని చెబుతుంటే మేము మూలలు వెతికేవాళ్ళం. ఒక ఆల్బమ్‌లో సన్నాయి చివరి గిన్నె మాత్రం అంచు దగ్గర తొంగిచూస్తోంది. ఒకదాంట్లో మోచెయ్యి. ఇంకోదాంట్లో సగం బుగ్గ, ఒక చెవి. అరిటాకుల ముందు కూర్చున్న బావగార్లందరూ వరసగా, మొత్తంగా పడ్డారు. ఆయన మాత్రం ఎక్కడా అంచు దాటి లోపలికి రాలేదు. మా వీధి సుబ్బాయమ్మత్త మా వెతుకులాట చూసి నవ్వింది. “మేళపోళ్ళకి ఫొటో ఏందమ్మాయ్? ఇనపడితే చాలదా?” అని, మాకు చెరో బెల్లం ముక్క కూడా పెట్టింది. ఆవిడ మాటలో చెడ్డ ఏమీ లేదు. వీధిలోకి వచ్చాక నాగూర్‌బీ బెల్లం కింద పారేసి, “మా నాయన ఏ పెళ్ళిలోనూ మొత్తం లేడే” అంది.

కానీ అది మొండిఘటం. నోటుపుస్తకం కాగితాలకి నూనె పూసి, ఎండలో ఆరబెట్టి, పైన పౌడరు అద్దితే అవతలిది కనబడే కాగితం అవుతుంది. వాటిని ఫొటోల మీద పెట్టి, ఒక పెళ్ళిలోంచి చెయ్యి, ఇంకో పెళ్ళిలోంచి బుగ్గ, మరో ఊరేగింపులోంచి తలపాగా గీసుకొచ్చాం. నూనె సీసా తగ్గడం చూసి మా నాయనమ్మ, “తాలింపులోకే నేను చూసి చూసి ఏత్తంటే, మీరు కాయితాలకి పులుముతున్నారటే!” అని కల్లంలోకి తరిమింది. ముక్కలన్నీ అతికించి ఒక మనిషిని నిలబెట్టేసరికి సన్నాయి పొడుగై, గిన్నె అట్ట బయటికి పోయింది. పొట్టిగా గీద్దామన్నాను, లేదా చివర తీసేద్దామన్నాను. అది నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మైదా ఉడికించి, అట్ట పక్కన ఇంకో కాగితం ముక్క అంటించి, దాన్ని లోపలికి మడిచింది. విప్పితే సన్నాయి మొత్తం కనిపిస్తుంది. పెద్ద పత్రికలు ప్రత్యేక సంచికలకి మాత్రమే ఖర్చుకోర్చి చేసే మడతట్టని, తండ్రిని ఇంకోసారి కోయనివ్వనన్న పంతంతో అది చేసేసింది. గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టి పత్రిక పూర్తిచేశాం.

తీసుకెళ్ళేసరికి సైదులు బాబాయి అప్పుడే ఏ ఊరినుంచో వచ్చినట్టు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. సన్నాయి గుడ్డసంచిలో ఒళ్ళో ఉంది. నాగూర్‌బీ పత్రిక చేతిలో పెట్టి గుంజ చాటుకి పోయింది. ఆయన అట్ట చూశాడు, మడత విప్పి చూశాడు. తర్వాత వేలితో తాకుతూ, “ఈ పైచెయ్యి సుబ్బాయమ్మ పెళ్ళిలో తాళి కట్టే కాడుందమ్మా. ఈ కిందచెయ్యేమో కరణంగారబ్బాయి ఊరేగింపులో పోతంది. ఇద్దరు సైదుళ్ళు ఒక సన్నాయి ఊదుతున్నారు” అని పడీపడీ నవ్వాడు. మా మొహాలు చిన్నబోవడం చూశాడేమో, సంచిలోంచి సన్నాయి తీసి, బొమ్మలో ఉన్నట్టే వేళ్ళు పెట్టి, బొమ్మలో ఉన్నంత బుగ్గా పొంగించి ఊదాడు. తల్లిని వెతుక్కునే దూడ అరిచినట్టు వచ్చింది ఆ శబ్దం. నాగూర్‌బీ గుంజ చాటునుంచి వచ్చేసింది. కడుపులు నొప్పి పుట్టేదాకా నవ్వుకున్నాం. నవ్వులయ్యాక ఆయన సన్నాయి తుడిచి సంచిలో పెడుతూ, “అట్ట మీదకెక్కినోడు సన్నాయి అమ్ముకుంటే బాగుండదు గదమ్మా. అమ్మన్లే” అన్నాడు.

ఆ తర్వాత నాదజ్వాల ఊరంతా తిరిగింది. చివర్లో మేము ఖాళీగా వదిలిన పేజీల్లో చదివినవాళ్ళు అభిప్రాయాలు రాశారు. ఒకాయన పురుగు బొమ్మ బాగుందన్నాడు, ఒకావిడ చారు కాచే విధానం కూడా వెయ్యమంది. తిరిగీ తిరిగీ ఎవరి ఇంట్లో ఆగిందో, ఏ కొత్తకోడలి పెట్టెలో పోయిందో, మళ్ళీ మా చేతికి రాలేదు. బాబాయి మిరప రోజుల్లో బస్తాలు మోస్తూ, పిలిచినవాళ్ళకి ఊదుతూ, ఆ సన్నాయిని చివరిదాకా ఉంచుకున్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఊళ్ళో మిరపకాయ కల్లంలో నాలుగురోజులు కూడా ఉండదు, పెళ్ళిళ్ళకి డీజే వస్తుంది, చేత్తో రాసిన పత్రిక అంటే పిల్లలకి వివరించాల్సి వస్తుంది.

పేజీలు పెట్టిన ఇన్నేళ్ళలో ఎంతమంది మోచేతుల్ని అంచు దగ్గర కోశానో నాకే తెలీదు, ఉద్యోగం అది. కానీ లోపల ఒక గర్వం ఉండేది: ఒక అట్టబొమ్మ ఒక మనిషి సన్నాయిని నిలబెట్టింది, అది నేను చేసిన అట్ట అని. కొత్తగా చేరిన పిల్లలకి చెప్పేదాన్ని. హారికకీ చెప్పాను. అది కళ్ళు పెద్దవి చేసుకుని విని, తన పోలిక వ్యాసంలో చివరి పేరాగా రాసేసుకుంది. అచ్చు పత్రికలు అందరికీ తెలిసినవాళ్ళని అట్ట మీద వేస్తాయి, మా అమ్మ పత్రిక అందరూ విని ఎవరూ చూడనివాడిని వేసింది, అందుకే ఆయన సన్నాయి అమ్మలేదు అని. బాగా రాసింది. పేరు వాడుతున్నాం కదా, ఒకమాట అడగాలని వినుకొండలో ఉంటున్న నాగూర్‌బీకి ఫోన్ చేసి, ఆ పేరా చదివి వినిపించాను.

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

“కొనేవాడు రాలేదే పద్దూ” అంది.

నాకు అర్థం కాలేదు.

“ఈడనుంచి వత్తానన్నతను వద్దన్నాడంట. నాయన దర్శి పోయాడు, కనిగిరి పోయాడు. ఎవురూ తీసుకోలా. మనం పుస్తకం పట్టుకుపోయిన రోజు అప్పుడే బస్సు దిగొచ్చి కూర్చోనున్నాడు. నా పెళ్ళయ్యాక మా అమ్మ చెప్పింది. నీకు చెప్పబుద్ధి కాలా.”

“హారికతో ఆ పేరా తీసేయమంటాను” అన్నాను.

“ఎందుకే? మా నాయన మనతో అన్న మాట అదేగా. ఆయన మాటే ఉండనీ.”

ఫోన్ పెట్టేశాను. ఊరూరా తిరిగి, ఎవరికీ అక్కర్లేని సన్నాయిని మళ్ళీ ఇంటికి మోసుకొచ్చి, చెమటైనా ఆరకముందే ఇద్దరు ఆడపిల్లలు సంతోషంతో వస్తే, మీ వల్లే అమ్మడం లేదమ్మా అని నవ్విన ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇన్నేళ్ళకి ఏడుపొచ్చింది. హారిక తలుపు దగ్గర నుంచుని, “ఏమన్నారమ్మా, వాడుకోమన్నారా?” అని అడిగింది.

“వాడుకోమంది. ఒక్క అక్షరం మార్చకు” అన్నాను.