తుపాకికి కుడిపక్కన

నా భార్య పోయిన కబురు చాంద్‌మారీ మైదానంలో కొంతసేపు నా వెనకాలే నిలబడి ఉంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు రైఫిల్ పోటీలో నాకు ఆఖరి పది తూటాల వంతు. చాప మీద బోర్లా పడుకుని మూడు కాల్చాను. అప్పుడే మా బావమరిది దవాఖాన నుంచి సైకిల్ మీద వచ్చాడు. తుపాకి పట్టుకుని పడుకున్న మనిషితో ఎవరూ మాట్లాడకూడదన్నది మా దగ్గర గట్టి కట్టుబాటు. అతని వంతు పూర్తయ్యేదాకా వెనక సున్నం గీత దాటి ఎవరూ రారు. మైదానం చూసుకునే ఉస్తాద్, ఫౌజులో చేసి పించను తీసుకుంటున్న పెద్దాయన, మా బావమరిది చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను మిగిలిన ఏడూ కాల్చాను. తొందరపడలేదు. ఏడూ నల్లటి చుక్కలోనే పడ్డాయి. అంత బాగా నేను ఎన్నడూ కాల్చలేదు.

లేచి, రైఫిల్ బోల్టు తెరిచి, మోచేతుల దుమ్ము దులుపుకుని వెనక్కి తిరిగాను. బావమరిది ఏడుస్తున్నాడు.

"బావా, అక్క పోయింది."

"రైఫిల్ సంచిల పెట్టాలె" అన్నాను. అలా అన్నానని అతనే తర్వాత చెప్పాడు. నాకు గుర్తు లేదు.

ఇది జరిగి నెల కావస్తోంది. మీలో ఆమెను ఎరిగినవారు తక్కువ. ఆమె గురించి నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. చెప్పవలసిన చోట, చెప్పవలసినప్పుడు చెప్పలేదు. నాకు రైఫిల్ కాల్చడం నేర్పింది ఆమె. నేను ఒక్కణ్ణే నేర్చుకున్నానని ఎనిమిదేళ్ళు అందరితో అన్నాను.

ఆమె పుట్టిల్లు గౌలిగూడ. వాళ్ళది తాళ్ళూ గోనెసంచులూ అమ్మే దుకాణం. ఏడో తరగతి దాకా చదివింది. నేను కాలేజీ చదివినవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో ఈ తేడా నాకు బాగా గుర్తుండేది. ఆమెకు గుర్తున్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. నాంపల్లి స్టేషను దగ్గరి సందులో మా కాపురం. మాకు పిల్లలు కలగలేదు.

ఏ వస్తువునైనా కొనేముందు బోర్లించి చూసేది. అబిడ్స్ దుకాణంలో ఇత్తడి చెంబైనా, మొజంజాహీ మార్కెట్లో బత్తాయి పండైనా అంతే. "మీది మొకం అందరు తుడుస్తరు, అడుగు సూడాలె" అనేది. దుకాణదారులు విసుక్కునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

రైఫిల్ మా నాయన నుంచి నాకు వచ్చింది. ఒకసారికి ఒక్క తూటా మాత్రమే పట్టే చిన్న రైఫిల్. దాంతో పాటు లైసెన్సు, కాల్చాలన్న సరదా కూడా వచ్చాయి. ఆమె మొదట్లో దాన్ని ముట్టుకోలేదు. దాని పనులు మాత్రం ఒకటొకటిగా ఆమె చేతికి వెళ్ళాయి. నా పాత కోటు మోచేతులకు బొంత ముక్కలు కుట్టింది, రాళ్ళ మీద చర్మం లేవకుండా. భుజానికి బిగించే తోలు పట్టీకి ఆముదం రాసేది. గొట్టం కొసన ఉండే గురి ఎండకు మెరిస్తే కన్ను మోసపోతుంది. దాన్ని నల్లగా చెయ్యడానికి కర్పూరం పొగ పట్టాలి. శుక్రవారం పొద్దున పూజ అయ్యాక కర్పూరం బిళ్ళను రెండుగా విరిచేది. "దేవునికింత, మీ తుపాకికింత. ఇద్దరు సల్లగుండాలె" అనేది.

శుక్రవారం మా సర్కారీ దఫ్తరుకు సెలవు. గోలకొండ దారిలో బండలు కొట్టి వదిలేసిన గుట్ట ఒకటి ఉంది. వెనకంతా రాయి, మనుషుల జాడ ఉండదు. అక్కడికి టాంగా కట్టించుకుని వెళ్ళేవాళ్ళం. ఆమె అన్నం గిన్నె కట్టుకుని వచ్చేది. మొదటిసారి టాంగావాలా సంచి చూసి ఊరుకోలేదు.

"షికారా అమ్మా? ఏం కొడ్తరు, జింకనా, అడవిపందినా?"

"కాయితం" అంది ఆమె. "మా ఆయన కాయితాన్ని కొడ్తడు. గది గూడ ఒక్కోపారి తప్పిచ్చుకుంటది."

టాంగావాలా గుట్టదాకా నవ్వుతూనే ఉన్నాడు. నేను నవ్వలేదు.

ఆ రోజుల్లో నా తూటాలు చుక్క కిందికి పడుతుండేవి. తప్పు రైఫిల్ వెనక గురి చూసే కన్నంలో ఉందనుకుని దాన్ని ఒక గీత, రెండు గీతలు పైకి తిప్పుకుంటూ పోయేవాణ్ణి. వానాకాలంలో ఒక శుక్రవారం, చెమ్మ తగిలిన తూటా ఒకటి పేలలేదు. టిక్కుమంది, అంతే. ఆమె పక్కన కూర్చుని జామకాయ కోస్తోంది.

"గది పేలలే గద?"

"పేలలే. తూటా ఖరాబున్నది."

"మరి తుపాకి కిందికెందుకు పొయ్యింది?"

"పోలే."

"పొయ్యింది. ముక్కు కిందికి కొట్టుకున్నది. మీరు కండ్లు గూడ మూసుకున్నరు."

"నేను మూసుకోలే."

"సరే, మూసుకోలే" అని జామకాయ ముక్క నా చేతిలో పెట్టింది.

నేర్చినవాళ్ళకు ఇది తెలిసిన జబ్బే. చప్పుడు వస్తుందని, భుజానికి దెబ్బ తగులుతుందని ఒంటికి ముందే తెలుసు. మీట నొక్కే క్షణంలో అది ఉలిక్కిపడుతుంది. తూటా పేలితే ఆ అదురులో ఈ ఉలికిపాటు కలిసిపోతుంది. కాల్చేవాడికి తెలియదు, చూసేవాళ్ళకూ తెలియదు. పేలనప్పుడే బయటపడుతుంది. తుపాకి శాస్త్రం ఒక్క ముక్క చదవని మనిషి దాన్ని జామకాయ కోస్తూ పట్టుకుంది.

మరుసటి శుక్రవారం కొంగు నడుముకు చుట్టుకుని రైఫిల్‌కు కుడిపక్కన కూర్చుంది.

"ఇయ్యాల నేను నింపుత. మీరు కండ్లు మూసుకోండ్రి. ఇప్పుడు మూసుకుంటె తప్పులేదు."

మొదటిది పేలింది. రెండోదీ పేలింది. మూడోసారి మీట నొక్కితే టిక్కుమంది. గొట్టం ముక్కు నేల చూసింది. అంతకుముందు వారం కాల్చి పడేసిన ఖాళీ డొల్లలు ఏరి దాచిందట. వాటిలో ఒకటి పెట్టింది.

"సూసిన్రా? ఇప్పుడు ఎవర్ని తిడ్తరు? తూటానా, నన్నా?"

అక్కడినుంచి ప్రతి శుక్రవారం అదే పని. నిండినవి ఎన్నో, ఖాళీవి ఎన్నో చెప్పేది కాదు. తర్వాతది ఏదో నాకు తెలియదు కాబట్టి ఒళ్ళు ముందుగా భయపడడం మెల్లమెల్లగా మానుకుంది. ఒకరోజు పదీ ఖాళీవే పెట్టింది. అన్నీ ఖాళీవేనన్న అనుమానం ఎనిమిదోదాకా నాకు రాలేదు. గొట్టం కదలలేదు. "ఇయ్యాల పిట్టలు గూడ లేవలే" అంది. అంతకు మించి మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు.

ఆమె మాటలు రెండు నా చేతికి ఇప్పటికీ గుర్తు. "మీరు పేల్చకుండ్రి. గది పేలుతది. మీరు ఊకె ఉండుండ్రి." ఇంకోటి, ఊపిరి గురించి: "మొత్తం బిగవట్టకుండ్రి, సగం ఇడిసి ఆగుండ్రి. సూదిల దారం ఎక్కిచ్చేటప్పుడు ఆగుతం సూడుండ్రి, గట్ల."

మైదానంలో నా తూటాలు చుక్కలో పడడం మొదలయింది. ఉస్తాద్ వచ్చి తూటాలు పడ్డ నా కార్డు ఎండకు పట్టి చూశాడు.

"చెయ్యి ఆగింది బేటా. ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు లేరు. ఖాళీ డొల్లలు కలిపి సాధన జేస్తున్న."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే."

"అచ్ఛా" అన్నాడు. నా ముఖం కొంతసేపు చూశాడు.

అక్కడ నాతో కాల్చేవాళ్ళు పెద్ద ఉద్యోగులు, ఫౌజులో చేసినవాళ్ళు. ఇంట్లో ఆడమనిషి నేర్పిందంటే నవ్వుతారని చెప్పలేదు. వేరే కారణం లేదు. ఆ సాయంత్రం ఆమె అడిగింది.

"ఎవరన్న అడిగిన్రా?"

"అడిగిన్రు."

"ఏమన్నరు?"

"నేనే సాధన జేసిన్నన్న."

"ఔ మల్ల. నేను జామకాయలు కోసిన, గంతే."

నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఎప్పుడు నాకు మంచి కార్డు వచ్చినా ఒకసారి అడిగేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. "నా ముచ్చట జెప్తె తుపాకి తుప్పు వడ్తదా ఏంది?" అని ఒకసారి అంది. ఆ రోజు నవ్వలేదు. తర్వాత అడగడం మానేసింది. నింపడం మానలేదు. యుద్ధం వచ్చి తూటాలు దొరకడం కష్టమైనప్పుడు ఖాళీవే ఎక్కువ పెట్టి, నిండినవి పోటీకి దాచింది.

ఈ ఏడు ఆమెకు టైఫాయిడు వచ్చింది. మూడో వారానికి జ్వరం దిగింది. పోటీ రోజు పొద్దున దవాఖానలో మంచం పక్కన కూర్చున్నాను. వెళ్ళనన్నాను.

"పోండ్రి. ఈడ కూసోని ఏం జేస్తరు? తమ్ముడున్నడు గద."

"ఇయ్యాల జెప్త. పోటీ అయినంక అందరి ముందట జెప్త."

"ఏమని?"

"నువ్వే నేర్పినవని."

"నేర్పిందని వద్దు. పక్కపొంటి కూసున్నదని జెప్పుండ్రి. సాలు."

నేను వెళ్ళాక కడుపులో నొప్పి మొదలయిందట. పేగుకు చిల్లి పడిందన్నారు. నాలుగు గంటలు కూడా పట్టలేదు. మైదానంలో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత పన్నెండు రోజులు అందరూ చెప్పినట్టు చేశాను. కూర్చోమన్నచోట కూర్చున్నాను. తినమన్నప్పుడు తిన్నాను.

పన్నెండో రోజు దాటాక ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. మా గడప తొక్కడం అదే మొదలు. ఆ పది తూటాల కార్డు తెచ్చాడు.

"మైదానం గది గోడకు పెడ్దామంటున్నరు అందరు. నిన్నడిగి పెడ్దామని తెచ్చిన."

"ఉస్తాద్, ఒక మాట జెప్పాలె. నేను ఒక్కన్నే సాధన జేసిన్నన్న గద. అబద్ధం. ఆమెనే నింపిచ్చింది. నా తప్పు పట్టింది గూడ ఆమెనే."

ఆయన తల ఊపాడు. "నాకు ఎరుకే బేటా."

"ఎట్ల?"

"ఖాళీ డొల్ల ఏదో, నిండిన తూటా ఏదో నింపెటోనికి తెలుస్తది. నువ్వే నింపుకుంటె ఇగ గది ఏం సాధన? ఇంకో మనిషి ఉండాలె. నీ ఇంట్ల ఇంకెవరున్నరు?"

నేను కార్డు మీది చిల్లులు లెక్కపెడుతున్నాను.

"అందరికి ఎరుకే. నీ నోట ఇందామని సూసినం. ఒక్కసారి తీస్కరా అందామనుకున్న. నువ్వే జెప్పనప్పుడు నేనెట్ల అనాలె?"

చదువుకున్నవాణ్ణి. ఇంత చిన్న సంగతి ఎనిమిదేళ్ళు నాకు తట్టలేదు. నా అబద్ధాన్ని నమ్మినవాళ్ళు ఎవరూ లేరు. దాన్ని మోసింది ఒక్క మనిషే.

ఇంకో ప్రశ్న ఉంది. అడిగాను. "ఆ రోజు మా బావమరిదిని ఎందుకు ఆపిన్రు? కట్టుబాటనా?"

ఉస్తాద్ కార్డు వైపు చూశాడు. "నీ చేతిల నిండిన రైఫిల్ ఉండె. గదొకటి." దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంకో ఏడు తూటాలంత సేపు నీకు ఆమె ఉంటదని ఆపిన."

అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. లోపలికి వెళ్ళి సిరాబుడ్డి తెచ్చాను. కార్డు అడుగున, చుక్కకు కిందగా, ఆమె చెప్పమన్నదే రాశాను: పక్కన కూర్చున్నది నా భార్య. ఉస్తాద్ సిరా ఆరేదాకా కార్డు అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "నేను ఎన్నడు సూడలే. ఎట్లుండెటిది?"

చెప్పడానికి నాకు చాలా తెలుసు. కానీ ఆ శుక్రవారాలన్నీ నేను చూసింది ముందున్న కాగితాన్ని. ఆమె చూసింది నన్ను. ఆలోచించి, కనిపించినంత మటుకు చెప్పాను.

నిండినవి ఒక పొట్లంలో, ఖాళీవి ఇంకో పొట్లంలో పెట్టుకునేది. ఏ పొట్లం వైపు చెయ్యి వెళ్ళిందో నాకు తెలియకుండా గాజులు పైకి తోసుకుని, చప్పుడు కాకుండా చేతిరుమాలు కట్టుకునేది. నేను కళ్ళు మూసుకుని ఉండేవాణ్ణి. ఆమె బోల్టు మెల్లగా మూసేది. ఆ చప్పుడుకు కళ్ళు తెరిచేవాణ్ణి. ఎదురుగా ఎండలో తెల్లటి కాగితం, నల్లటి చుక్క. కుడి కంటి కొసన, రైఫిల్ మీది నుంచి వెనక్కి వెళ్తున్న ఒక చెయ్యి.