నైలాన్ స్వెటరూ ఏడాది కాలమూ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకంటే జాగ్రత్త గల మనిషి లోకంలో లేదని నా గట్టి నమ్మకం. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గది, తుర్కయంజాల్ దాటాక మా ల్యాబు. ఏం పని అంటే చెప్పడం కష్టం. "రేడియో రిపేరా బిడ్డా?" అనేది ఓనరమ్మ. (పూర్తిగా తప్పని కూడా అనలేను.) నక్షత్రాలు పుట్టే చల్లటి మబ్బుల నుంచి మిల్లీమీటరు కన్నా పొట్టి రేడియో తరంగాలు వస్తాయి. అవెంత బలహీనమంటే, పట్టే రిసీవర్ సొంత రొదలోనే మునిగిపోతాయి. అందుకే దాని లోపల ఆవగింజలో సగముండే సూపర్‌కండక్టర్ చిప్పు పెట్టి, ద్రవ హీలియంతో చల్లబరుస్తాం. అలాంటివి మూడొస్తే, రెండు నాకు ముందువాళ్ల చేతుల్లోనే పోయాయి. మూడోది మా సార్ నాకిచ్చారు.

ఆ చలికాలం నల్గొండ పక్క ఊరి నుంచి అమ్మొచ్చి, "సలి పెడ్తది, ఏసుకో" అని కొత్త నైలాన్ స్వెటర్ తొడిగి పంపింది. మైక్రోస్కోపు ముందు వంగి వంగి చెమట పట్టి, ఒంట్లో పుట్టే కరెంటును నేలలోకి దించే మణికట్టు ఎర్త్ పట్టీ విప్పి, స్వెటర్ తీశాను. చిటపటమంది. పట్టీ మళ్లీ కట్టుకోకుండానే చిప్పు తీగ ముట్టుకున్నాను. వేలి కొసన చిన్న చురుకు, అంతే. మర్నాడు చల్లబరిచి చూస్తే, తెర మీద మెట్టులా వంగాల్సిన చిప్పు కరెంటు గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది, అంటే చిప్పు పోయింది. ఎల్బీ నగర్ దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. "ఎవరు పోయిండ్రమ్మా?" అంది కండక్టరమ్మ. (చిప్పు అని ఎట్ల చెప్పను?)

గదికొచ్చి రాజీనామా రాశాను. "గంత చిన్నదానికి గింత ఏడుపా? యాడ పడ్డదో చెప్పు, ఊడ్చి ఎతుకుత" అంది అమ్మ. పడలేదమ్మా, స్వెటర్ కరెంటుకు చచ్చిందంటే ఆమె మొహం మాడిపోయింది. తెల్లారి నాకంటే ముందే తయారై కూర్చుంది, వద్దంటే వినలేదు. సార్ గదిలో నేను కవరు తీసేలోపే, "నా బిడ్డ తప్పు లేదు సార్, స్వెటర్ నేనే తొడిగిన" అనేసింది. సార్ కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశారు.

"కూర్చోండమ్మా. ఇంకోటి రావాలంటే ఏడాది పడుతుంది. టెలిస్కోపు దగ్గర ఈసారి మన వంతు పోయినట్టే."

"ఏడాదే గద సార్. ఉంటది నా బిడ్డ. యాడికి పోతది?"

సార్ నా వైపు చూశారు. నేను కవరు బ్యాగులోకి తోశాను.

ఏడాదంతా చిప్పు లేని ఖాళీ రిసీవర్ పెట్టెను చల్లబరుస్తూ, దాని రొద కొలుస్తూ కూర్చున్నాను. కొత్త చిప్పు వచ్చింది, పనిచేసింది కూడా. కానీ ఆ ఏడాది గడవక గడవక, ఇక బతుకంతా ఇంతేననిపించేది. ఇప్పుడేమో సంవత్సరాలు ఎటు పోతున్నాయో తెలియడం లేదు. అంత పొడుగాటి ఏడాది ఇంకొక్కటి ఇస్తామంటే, ఏడుస్తూనైనా సరే, తీసుకుంటాను.